కర్నూలులో బహిరంగ వాలీబాల్ కోర్టుకు నీడ: రేకుల కప్పు వేయాలా, పడమటి తెర కట్టాలా?

బురుజువీధి (చర్చ ప్రారంభం)

మా వార్డులోని బహిరంగ వాలీబాల్ కోర్టుకు పైకప్పు వేయించాలన్న ప్రతిపాదన వచ్చింది. వార్డు నిధులు కొద్దిగా ఉన్నాయి, మిగిలినది చందాలతో సమకూర్చుకోవాలి. కొందరు ఇనుప స్తంభాల మీద రేకులు వేద్దామంటున్నారు, మరికొందరు నర్సరీలకు కట్టే షేడ్‌నెట్ చాలంటున్నారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం నిలిచే మార్గమేదో కారణాలతో సహా చెప్పమని అనుభవజ్ఞులను కోరుతున్నాను. కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంది.

నిర్మాణరంగం

రేకుల కప్పు అనగానే అందరూ దాని బరువును స్తంభాలు మోస్తాయా అని అడుగుతారు. నాలుగు పక్కలా తెరిచి ఉన్న కప్పును కూలదోసేది బరువు కాదు, కింద నుంచి ఎత్తే గాలి. కట్టడాల మీద పడే గాలి భారానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం కర్నూలుకు ప్రాథమిక గాలివేగంగా సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు సుమారు 140 కిలోమీటర్లు తీసుకోమంటుంది. ఆ వేగం వద్ద చదరపు మీటరుకు 90 కిలోలకు పైగా ఒత్తిడి పడుతుంది. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల కోర్టుకు చుట్టూ 3 మీటర్ల ఖాళీ కలిపితే కప్పు విస్తీర్ణం 360 చదరపు మీటర్లవుతుంది. సవరణ గుణకాలను పక్కన పెట్టి స్థూలంగా లెక్కేసినా, పెద్ద గాలి ఆ కప్పును 30 టన్నులకు మించిన బలంతో పైకి లాగగలదు. రేకులు, కప్పును మోసే ఇనుప చట్రాలు (ట్రస్సులు), వాటి మీద రేకులు బిగించే అడ్డకమ్మీలు (పర్లిన్లు) అన్నీ కలిపినా దాని బరువు అందులో మూడో వంతుకు కూడా రాదు. కాబట్టి ఖర్చు తగ్గించాలన్న ఆత్రుతలో పునాదిని, స్తంభాన్ని పునాదికి బిగించే యాంకర్ బోల్టులను కుదించకూడదు. నల్లరేగడి నేలైతే ఆ మట్టి దాటి గట్టి పొర తగిలేదాకా తవ్వాల్సిందే.

వాలీబాల్ శిక్షకుడు

వేసవి సెలవుల్లోనే పిల్లలు ఎక్కువగా వస్తారు. ఉదయం తొమ్మిది దాటితే సిమెంటు నేల మీద నిలబడలేని పరిస్థితి. వాన పడితే ఆ రోజు ఆట లేనట్టే. నా దృష్టిలో రేకుల కప్పే శాశ్వత పరిష్కారం.

పడమటినీడ

శిక్షకుడుగారి ఆవేదన న్యాయమైనదే. అయితే ఈ కోర్టులో ఏడాది పొడవునా ఆట సాగేది ఎప్పుడు? తెల్లవారుజామున, మళ్ళీ సాయంత్రం బడి వదిలాక. ఆ వేళల్లో సూర్యుడు నెత్తి మీద ఉండడు. మే నెల మధ్యలో కర్నూలులో సాయంత్రం 5 గంటలకు సూర్యుడు దిగంతం నుంచి సుమారు 22 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. వాలీబాల్‌కు నేల నుంచి కనీసం 7 మీటర్ల వరకు అడ్డు లేకుండా ఉండాలి కనుక కప్పును అంతకంటే కిందికి దించలేము. అంత ఎత్తున ఉన్న కప్పు నీడ ఆ సమయానికి దాదాపు 17 మీటర్లు తూర్పుకు జరిగిపోతుంది. కప్పు వెడల్పేమో 15 మీటర్లు. అంటే లక్షలు పోసి వేసిన కప్పు నీడ పక్కనున్న ఖాళీ స్థలం మీద పడుతుంది, పిల్లలు మాత్రం ఎండలోనే ఆడతారు. ఈ ఒక్క లెక్క ఎవరూ వేయకుండానే ఎన్నో ప్రతిపాదనలు కదులుతున్నాయన్నది నా బాధ.

అందువల్ల పడమటి వైపు, ఖాళీ స్థలం అంచున, 6 మీటర్ల ఎత్తున షేడ్‌నెట్ తెరను నిలువుగా కట్టడం మొదటి పని కావాలి. అదే 5 గంటల వేళ ఆ తెర నీడ నిలబడ్డ మనిషి తల ఎత్తులో లెక్కేసినా కోర్టు వెడల్పులో ముప్పాతిక భాగం దాటుతుంది. వలలోంచి కొంత గాలి సాగిపోతుంది కాబట్టి రేకు గోడ మీద పడేంత ఒత్తిడి దాని మీద పడదు. తెరకు అవతల, నేల పగలనంత దూరంలో వేపనో కానుగనో నాటితే, వల చిరిగిపోయే నాటికి చెట్లు కొంతైనా అందుకుంటాయి.

వాలీబాల్ శిక్షకుడు

లెక్క ఒప్పుకుంటున్నాను. కానీ సెలవుల్లో పది గంటల ఎండకు, జూలై వానకు మీ తెర ఏం చేస్తుంది? వానలో తడిసిన నేల మీద జారిపడి మోకాలు దెబ్బతింటే ఆ పిల్లల భవిష్యత్తుకు ఎవరు బాధ్యులు?

పడమటినీడ

వానకు తెర ఏమీ చేయదు, నిజమే. నేను కప్పు వద్దనడం లేదు. ఉన్న డబ్బంతా కప్పుకే పోసి పడమటి పక్కను వదిలేయవద్దంటున్నాను. కర్నూలులో సాలుకు సుమారు 650 నుంచి 700 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, ఆట ఆగిపోయే రోజులకంటే ఎండకు ఒళ్ళు మాడే రోజులే ఎక్కువ.

బురుజువీధి

కప్పు మీద సౌర పలకలు పెడితే ఖర్చు తిరిగి వస్తుందని ఒకరన్నారు. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తున్న ప్రాంతం కదా మనది.

నిర్మాణరంగం

ఎండకు కొరత లేదు. ఒక కిలోవాటుకు 5, 6 చదరపు మీటర్ల పలకలు పడతాయి, రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. సగం కప్పు మీద పెట్టినా 30 కిలోవాట్లు, అంటే రోజుకు 120 యూనిట్లు. కోర్టు దీపాలకు అంత అవసరం లేదు, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చే ఒప్పందం కుదిరితేనే ఆ పెట్టుబడికి అర్థం ఉంటుంది. అంతకంటే సులువైన లాభం నీరు. 360 చదరపు మీటర్ల కప్పు నుంచి, వృథా పోగా, ఏడాదికి లక్షా ఎనభై వేల లీటర్ల దాకా ఇంకుడు గుంతకు మళ్ళించవచ్చు. రేకులే వేస్తే తెల్లని రంగువి వేసి, శిఖరం వెంట వేడిగాలి పోయే సందు వదలండి. లేకపోతే మధ్యాహ్నం రేకే వేడిని కిందికి కక్కుతుంది.

పడమటి తెర విషయంలో ఒక జాగ్రత్త. జూన్ నుంచి వీచే పడమటి గాలి నేరుగా దాని మీదే పడుతుంది. వలను స్తంభాలకు బిగించి కట్టకుండా కప్పీల మీద తాళ్ళతో, జెండాలా దించుకునేలా అమర్చాలి. ఆ స్తంభాల పునాదులను రేపటి కప్పుకు సరిపోయేంత బలంగా ఇప్పుడే వేయించుకుంటే, నిధులు వచ్చినప్పుడు ఆ వరసలో మళ్ళీ తవ్వే పని ఉండదు. అంచనా తయారు చేయించేటప్పుడు ఆ రేపటి కప్పు భారాన్ని కూడా లెక్కలో చేర్చమని ఇంజినీరుగారికి రాతపూర్వకంగా చెప్పండి.