2019 వ్యాగనార్ కొనబోతున్నాం, రీకాల్ పని అయిందో లేదో తెలిసేదెలా?

గోదారి_గట్టు (రాజమండ్రి):

అందరికీ నమస్తే. మా చెల్లికి మండపేట అవతల ఒక స్కూల్లో పోస్టింగు వచ్చింది. బస్సు దిగి మళ్లీ ఆటో పట్టుకుని రోజూ ఇబ్బంది పడుతోంది. అమ్మని ఆసుపత్రికి తిప్పడానికి కూడా పనికొస్తుందని సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాం. తెలిసిన బ్రోకరు ఒకాయన ఒక వ్యాగనార్ చూపించాడు. వీఎక్స్ఐ, 1.0 పెట్రోలు, ఏపీ 39 నంబరు, సింగిల్ ఓనరు, మీటరు మీద 48 వేల కిలోమీటర్లు. 2019 సెప్టెంబరులో రిజిస్ట్రేషను. 4 లక్షల 10 వేలు చెబుతున్నాడు. "టచప్ కూడా పడలేదండి, కడిగిన ముత్యం" అంటున్నాడు.

మా మెకానిక్ వచ్చి బానెట్ తీసి చూశాడు, ఆయిలు చూశాడు, హైవే మీద ఒక రౌండు తిప్పాడు, బాగుందన్నాడు. నా డౌటు వేరే. 2024 మార్చిలో ఫ్యూయల్ పంపు మోటారులో లోపం ఉండొచ్చని మారుతి కంపెనీ కొన్ని వ్యాగనార్లని, బెలీనోలని వెనక్కి పిలిచింది. 2019 జులై 30 నుంచి నవంబరు 1 మధ్య తయారైన బళ్లట. మేం చూసింది సెప్టెంబరుది కాబట్టి అందులో పడినట్టే కదా? బ్రోకర్ని అడిగితే "అవన్నీ షోరూమోళ్లు ఎప్పుడో చేసేసి ఉంటారండి" అని నవ్వేశాడు. ఆర్‌సీలో, ఎంపరివాహన్ యాప్‌లో వెతికితే రీకాల్ అన్న ముక్కే లేదు. పని అయిందో లేదో తేల్చుకునే దారేంటి? అసలు ఇలాంటి బండి కొనొచ్చా?

స్పానర్_బాబాయ్ (గాజువాక):

రీకాల్ ఉందని బండి వదులుకోనక్కర్లేదు బాబూ. లోపం ఉందని కంపెనీయే ఒప్పుకుని, ఫ్రీగా మారుస్తానని చెప్పిన భాగం అది. చెప్పకుండా దాచినవాటితోనే మనకి తంటా. నేను చాలాకాలం షోరూములో సర్వీసు అడ్వైజరుగా చేసి, ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాను. రెండు వైపుల నుంచీ చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

మీరు రిజిస్ట్రేషను నెల చూశారు. రీకాల్‌కి కావలసింది తయారైన నెల. బండి ఫ్యాక్టరీలో తయారయ్యాక యార్డులో కొన్నాళ్లు, డీలరు దగ్గర కొన్నాళ్లు ఉండి అప్పుడు రోడ్డెక్కుతుంది. 2019లో అమ్మకాలు బాగా పడిపోయి డీలర్ల దగ్గర స్టాకు పేరుకుపోయిన సంగతి గుర్తుందా? సెప్టెంబరులో రిజిస్టరైన బండి జూన్‌దో మే నెలదో అయినా ఆశ్చర్యం లేదు. ఆర్‌సీ మీద తయారీ నెల, సంవత్సరం విడిగా ఉంటాయి. ముందు అది చూసి చెప్పండి.

ఎందుకంటే మీరు చదివిన 2024 రీకాల్ చిన్నది. వ్యాగనార్లు 4,190, బెలీనోలు 11,851, అంతే. ఆ మోడల్ 1.0 ఇంజినుకి అంతకు ముందే ఇంకో రెండు ఉన్నాయి. 2019 ఆగస్టులో 40,618 బళ్లని పిలిచారు. పెట్రోలు వెళ్లే గొట్టం ఇనప క్లాంపుకి ఒరుసుకునే ప్రమాదం ఉందని. అవి 2018 నవంబరు 15 నుంచి 2019 ఆగస్టు 12 వరకు తయారైనవి. తర్వాత 2020 జులైలో ఫ్యూయల్ పంపు కోసం వ్యాగనార్లూ పెట్రోలు బెలీనోలూ కలిపి 1,34,885. అందులో వ్యాగనార్లు 56,663. వాటి తయారీ 2018 నవంబరు 15 నుంచి 2019 అక్టోబరు 15 దాకా. మీ బండి జూన్‌ది అయితే మీరు భయపడుతున్న రీకాల్‌లో లేదు, మీకు తెలియని రెండింట్లోనూ ఉండొచ్చు.

పంపు మొరాయిస్తే బండి స్టార్టవదు, లేదా నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. ఇంటి ముందు ఆగితే చిరాకు. రావులపాలెం బ్రిడ్జి మీద వెనక లారీ ఉన్నప్పుడు ఆగితే చిరాకుతో పోదు. గొట్టం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒరుసుకుని చిల్లుపడితే కారేది పెట్రోలు.

ఇక "షోరూమోళ్లే చేసేసి ఉంటారు" అన్న మాట. షోరూము దగ్గర ఉండేది మొదటి ఓనరు ఫోను నంబరు. మెసేజీ, ఫోను ఆయనకే వెళ్తాయి. ఆయన నంబరు మార్చినా, వారంటీ అయిపోయాక బయట షెడ్డులో సర్వీసు చేయించుకోవడం మొదలెట్టినా ఆ కబురు గాల్లో కలిసిపోయినట్టే. బండి చేతులు మారాక కొత్త ఓనరు పేరు కంపెనీకి ఎవరూ చెప్పరు. ఆర్టీఏ ఆఫీసులో పేరు మారితే షోరూము కంప్యూటర్లో దానంతటది మారదు. అందుకే రీకాల్ పని జరగని బళ్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మామూలే.

తేల్చుకోవడం ఇలా. ఆర్‌సీలో చాసిస్ నంబరు ఉంటుంది, ఈ కంపెనీకి ఎంఏ3తో మొదలై మొత్తం 17 అక్షరాలు. బండి మీద కొట్టిన నంబరుతో అక్షరం అక్షరం సరిచూడండి, దొంగబండి భయం కూడా తీరుతుంది. కంపెనీ వెబ్‌సైట్లో రీకాల్ పేజీలో ఆ నంబరు కొడితే బండి జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. పని జరిగిందా అన్నది మాత్రం సర్వీసు సెంటరులోనే అడగాలి. ఓనరు చేత ఒక మాట చెప్పించి సర్వీసు హిస్టరీ ప్రింటు తీయించుకోండి. ఏ ఊళ్లో సర్వీసు చేయించినా అందులో పడుతుంది. రీకాల్ పనికి విడిగా జాబ్ కార్డు ఉంటుంది, బిల్లు సున్నా. నోటి మాట నమ్మొద్దు.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లకి టకాటా ఎయిర్‌బ్యాగుల కథ చెబుతాను. ఆ జపాన్ కంపెనీ బ్యాగు ఉబ్బడానికి అమ్మోనియం నైట్రేట్ వాడింది. వేడి, తేమ ఏళ్ల తరబడి తగిలితే ఆ మందు చెడిపోయి, యాక్సిడెంటులో అవసరానికి మించిన జోరుతో పేలుతుంది. లోహపు డబ్బా ముక్కలై మనిషి మీదికి వస్తుంది. అమెరికాలో దానివల్ల ప్రాణాలే పోయాయి. మన దేశంలో హోండా 2018 జనవరిలో ఒక్క విడతలోనే 2013 నాటి 22,834 కార్లని పిలిచింది, అందులో 'సిటీ' మోడల్ కార్లే 22,084. అంతకు ముందు కూడా విడతలున్నాయి. వేడి, తేమ అంటే మన కోస్తా కాక ఇంకేముంది? ఆ కాలం సిటీ కొనేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, బేరం కంటే ముందు చాసిస్ నంబరు పట్టుకుని షోరూముకి వెళ్లండి.

ఓరుగల్లు_బుల్లెట్:

బాబాయ్ చెప్పింది కరెక్టే. గని అన్నా, ఆ బండికి ఎయిర్‌బ్యాగులు ఎన్నున్నయో చూసినవా? 2019 వీఎక్స్ఐల డ్రైవర్ దిక్కే ఉంటది. పక్క సీటుకు కూడ కావాలంటే ఆప్షనల్ వేరియంటు తీసుకోవాలె. రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయింది తర్వాత, పాత మోడళ్లకు 2021 డిసెంబరు 31 దాక టైమిచ్చిన్రు. చెల్లె నడుపుతది, పక్కన అమ్మ కూసుంటది అంటున్నవ్ కదా, అందుకే అడుగుతున్న. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టుల ఈ బండికి 2019ల వచ్చింది రెండు స్టార్లే, గది కూడ యాదికుంచుకో. రీకాల్ పని ఫ్రీగ చేస్తరు, లేని ఎయిర్‌బ్యాగు ఎవ్వరు పెట్టరు.

డల్లాస్_నుంచి:

ఇక్కడ ఈ పని రెండు నిమిషాల్లో అవుతుంది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ వెబ్‌సైట్లో 17 అక్షరాల విన్ (మన చాసిస్ నంబరు లాంటిదే) కొడితే ఏ కంపెనీ కారైనా సరే, పెండింగులో ఉన్న రీకాల్స్ కనపడతాయి. రిపేరు అయిపోయినవి చూపించదు. అలాగని ఇక్కడంతా స్వర్గం అనుకోకండి. పెండింగ్ రీకాల్ ఉన్న పాత కారుని డీలరు అమ్మకూడదన్న ఫెడరల్ చట్టమేదీ లేదు, అద్దెకిచ్చే పెద్ద కంపెనీలకే 2016 నుంచి ఆ నిబంధన. ఎంఎస్‌కి వచ్చిన మన పిల్లలు దిగిన వారంలోనే ఆన్‌లైన్లో ఫోటో చూసి పాత సొనాటాలు, ఆల్టిమాలు కొనేస్తుంటారు, విన్ కొట్టి చూడమంటే ఒక్కరూ వినరు. మన దగ్గర దీనికి చట్టం ఉందా బాబాయ్?

స్పానర్_బాబాయ్:

ఉంది. 2012 నుంచి కంపెనీలు వాటంతట అవే పిలిచే పద్ధతి నడిచింది. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి 110ఏ సెక్షను చేర్చారు, నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఫిర్యాదులు ఒక లెక్క దాటితే ప్రభుత్వమే రీకాల్ చేయమని ఆదేశించొచ్చు. జరిమానా 10 లక్షల నుంచి కోటి దాకా. అయితే అది ఏడేళ్ల లోపు బళ్లకే. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నవి కంపెనీ తనంతట తాను ప్రకటించినవి. మీ దేశంలోలా ఒకే చోట నంబరు కొడితే అన్ని కంపెనీలవీ వచ్చే వసతి ఉంటే మా బ్రోకర్ల నవ్వులు సగం తగ్గేవి.

గోదారి_గట్టు:

బాబాయ్ గారూ, మీరన్నట్టే అయింది. ఆర్‌సీలో తయారీ 06/2019. హిస్టరీ ప్రింటు తీయించాను. ఫ్యూయల్ పంపు 2020 చివర్లో మార్చారు, జాబ్ కార్డు నంబరుతో సహా ఉంది. గొట్టం పని జరిగిన దాఖలా లేదు. బండి తెస్తే చూసి ఫ్రీగా చేస్తామన్నారు. మీటరు లెక్కలు కూడా వరసగానే పెరిగాయి. ఒక్కటే తేడాగా అనిపించింది. ప్రతి ఏడూ క్రమం తప్పకుండా షోరూములోనే సర్వీసు చేయించిన మనిషి 2024 జూన్ తర్వాత మళ్లీ అటు వెళ్లలేదు. రిజిస్ట్రేషను విజయవాడ. రేటు 3 లక్షల 85 వేలకి దిగాడు, అడ్వాన్సు రేపే ఇమ్మంటున్నాడు.

స్పానర్_బాబాయ్:

అడ్వాన్సు ఇవ్వకండి. విజయవాడ అన్నారు, 2024 జూన్ తర్వాత సర్వీసు లేదన్నారు. ఆ సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో మర్చిపోయారా? 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే కోడు పెట్టాక నంబరు ప్లేటు చూసి ఊరు చెప్పే రోజులు పోయాయి. ఏపీ 16 అంటే కృష్ణా అని పాతవాటికే తెలిసేది. మునిగిన బండి గోదావరి దాటి మీ ఊరొస్తే ప్లేటు చూసి ఎవరూ పట్టలేరు.

మీ మెకానిక్ ఇంజిను చూశాడు. మునిగిన బండిలో ఇంజిను శుభ్రం చేయడం తేలిక, వైరింగే కష్టం. ఎయిర్‌బ్యాగు కంట్రోలు యూనిట్ చాలా కార్లలో కిందే, గేరు దగ్గర కన్సోలు అడుగున ఉంటుంది. నీళ్లు ముందు చేరేది దానికే. కీ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించాలి, దీపం కనెక్షను పీకేసే మహానుభావులున్నారు. స్కానరు పెట్టించండి.

సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూడండి. పైన షాంపూ పెట్టి కడుగుతారు, లోపల చుట్టలో ఉన్న భాగం ఎవరూ కడగరు. స్టెప్నీ కింద గుంట, సీట్ల పట్టాల బోల్టులు, కార్పెట్ లేపితే కనపడే రేకు, అన్నీ చూడండి. ఇన్సూరెన్సు పాత పాలసీలు అడగండి. క్లెయిము వేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్), 20 శాతంతో మొదలై ఐదేళ్లకి 50కి చేరుతుంది. 2024 సెప్టెంబరు తర్వాతి పాలసీలో అది సున్నా అయితే ఏదో క్లెయిము జరిగిందేమోనని అనుమానించాలి. సున్నా కాకపోయినా నిశ్చింత పడొద్దు, క్లెయిము వేయకుండా చేతి డబ్బుతో కడిగించి అమ్మేవాళ్లూ ఉంటారు.

ఓరుగల్లు_బుల్లెట్:

వాసన కూడ చూడున్రి. బండిల రెండు మూడు సెంటు డబ్బాలు వేలాడుతుంటే నేనైతే అటునుంచి అటే ఎల్లిపోత.

గోదారి_గట్టు:

వదిలేశాం. డ్రైవరు బెల్టు బాగానే ఉంది, వెనక బెల్టు లాగితే సగం నుంచి రంగు మారి ఎండిన ఒండ్రు రాలింది. బ్రోకరు "పిల్లలు బీచికి తీసుకెళ్లుంటారండి" అన్నాడు. విజయవాడలో బీచి ఎక్కడో అడిగితే ఫోను మాట్లాడుతున్నట్టు పక్కకెళ్లిపోయాడు. పాలసీలో ఎన్‌సీబీ సున్నా.

ఇప్పుడు కాకినాడలో 2020 వీఎక్స్ఐ ఆప్షనల్ ఒకటి చూస్తున్నాం, ఓనరే అమ్ముతున్నారు. ఆర్‌సీ ఫోటో, చాసిస్ నంబరు వాళ్లే అడక్కుండా పంపారు. తయారీ 02/2020. మీరు చెప్పిన మూడు రీకాల్స్ తేదీల్లో లేదు. అయినా హిస్టరీ తీయిస్తాను. కొన్నాక వెంటనే చేయాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి.

స్పానర్_బాబాయ్:

ఈ మూడింట్లో లేనంత మాత్రాన ఇంకేదీ లేదని కాదు, నంబరు సైట్లో కొట్టి చూడండి. కాకినాడ బండి కాబట్టి ఉప్పుగాలికి సైలెన్సరు, అడుగు రేకు తుప్పు పట్టాయేమో ర్యాంపు ఎక్కించి కింద నుంచి చూడాలి. లోను తీరిపోతే ఆర్‌సీలో హైపోథికేషన్ (లోనిచ్చిన బ్యాంకు పేరు) ఎత్తేశారో లేదో చూసుకోండి. పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు మీ పేరుకి మార్పించండి, లేకపోతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు కంపెనీ చేతులెత్తేస్తుంది. వాళ్ల ఎన్‌సీబీ మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. తర్వాత ఆర్‌సీ కాపీ పట్టుకుని సర్వీసు సెంటరుకి వెళ్లి మీ చెల్లెలి పేరు, ఫోను నంబరు ఎక్కించమనండి. కౌంటర్లో అమ్మాయి "తర్వాత చేస్తాం సార్" అంటే అక్కడే కూర్చోండి.