96 శాతం గ్రహణం ఇంటి నుంచే చూడాలా, సంపూర్ణం కోసం 150 కిలోమీటర్లు వెళ్లాలా?

ప్రశ్న

నమస్తే అండీ. మేముండే చోట ఈసారి సూర్యగ్రహణం 96 శాతం పడుతుందట, 150 కిలోమీటర్లు వెళ్తే సంపూర్ణం. మావారేమో నాలుగు శాతం కోసం అంత దూరం ఎందుకు, మేడ మీద నుంచే చూద్దాం అంటున్నారు. నాకు మాత్రం వెళ్లాలనే ఉంది. ఇంకో సందేహం, పాత గ్రహణం కళ్లద్దాలు రెండు జతలు సొరుగులో ఉన్నాయి, అవి పనికొస్తాయా? ఎక్స్‌రే ఫిల్మ్‌లోంచి చూడొచ్చు అని కొందరు చెప్తున్నారు. ఇంట్లో బైనాక్యులర్ కూడా ఉంది, కళ్లద్దాలు పెట్టుకుని అందులోంచి చూస్తే సరిపోతుందా? బాబుకి తొమ్మిదేళ్లు, వాడి కళ్ల గురించే నాకు టెన్షన్.

జవాబు 1

ముందు బైనాక్యులర్ సంగతి. కళ్లద్దాలు పెట్టుకుని అందులోంచి చూడటం మాత్రం అస్సలు వద్దండీ. పెద్ద కటకం ఎండనంతా ఒక్కచోటికి పోగేసి మీ కళ్లద్దాల మీదకి వదులుతుంది, ఆ పల్చటి ఫిల్టర్ కాలిపోతుంది, దాని వెనకే మీ కన్ను. సోలార్ ఫిల్టర్ ఎప్పుడైనా ముందు వైపు, ఎండ లోపలికి వెళ్లే వైపే, గాలికి ఊడిపోకుండా బిగించాలి. కెమెరాకైనా, టెలిస్కోపుకైనా ఇంతే.

ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టించిన గాజు, సీడీ, రెండు చలువ కళ్లద్దాలు కలిపి పెట్టుకోవడం, ఇవేవీ వద్దు. వెలుగు తగ్గినట్టే ఉంటుంది కానీ కంటికి కనపడని పరారుణ కిరణాలు లోపలికి వెళ్తూనే ఉంటాయి. రెటీనాకి నొప్పి తెలియదు, అదీ అసలు ప్రమాదం. కాలుతున్నప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటలయ్యాక చూపు మధ్యలో మచ్చ కనపడితే అప్పుడు తెలుస్తుంది.

పాత కళ్లద్దాల మీద ఐఎస్ఓ 12312-2 అని (సూర్యుణ్ణి చూసే కళ్లద్దాలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం నంబరు) ఉండి, గీతలూ మడతలూ చిల్లులూ లేకపోతే వాడుకోవచ్చు. అయితే ఆ నంబరు ఎవరైనా అచ్చేసుకోవచ్చు కాబట్టి నమ్మకమైన చోట కొన్నవే అయ్యుండాలి. ఒకసారి ఇంట్లో పెట్టుకుని చూడండి, బాగా వెలిగే బల్బు తప్ప ఇంకేమీ కనపడకూడదు, ఆ బల్బు కూడా మసకగానే. బాబుకి వదులైతే ఒక పేపర్ ప్లేటుకి కళ్ల దగ్గర కోసి కళ్లద్దాలు అతికించండి, ముఖమంతా కప్పుతుంది, పక్కల నుంచి తొంగిచూసే వీలుండదు.

జవాబు 2

తప్పకుండా వెళ్లండి! మామూలు సూర్యుడి వెలుగు పున్నమి చంద్రుడికి సుమారు 4 లక్షల రెట్లు. అందులో 4 శాతం మిగిలినా 16 వేల పున్నములు. సూర్యుడి చుట్టూ ఉండే పల్చటి వెలుగు పొర, అంటే కరోనా, దాని మొత్తం వెలుగు మహా అయితే ఒక్క పున్నమి చంద్రుడంత, మరి ఆ 16 వేల ముందు అదెలా కనపడుతుంది చెప్పండి? 96 దగ్గర ఎండ కాస్త వెలిసిపోయినట్టు ఉంటుంది, అంతే. 99లో కూడా కరోనా రాదు, కళ్లద్దాలు తీయడానికీ లేదు.

వెళ్లేటప్పుడు చంద్రుడి నీడ పడే, సంపూర్ణం కనపడే పట్టీ అంచున ఆగిపోకండి. అంచు దగ్గర కొన్ని సెకన్లే, మధ్య గీతకి దగ్గరయ్యేకొద్దీ సమయం పెరుగుతుంది. అది కూడా గ్రహణాన్ని బట్టి మారుతుంది, 2026 ఆగస్టు 12న ఎక్కువలో ఎక్కువ 2 నిమిషాల 18 సెకన్లు, 2027 ఆగస్టు 2న 6 నిమిషాల 23 సెకన్లు. గ్రహణం పట్టడం మొదలయ్యాక సంపూర్ణం అయ్యేసరికి గంట పైనే పడుతుంది, అందుకని తొందరగా చేరుకోండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ, మావారికి ఆ 16 వేల లెక్క చదివి వినిపించాను, వెళ్దాం అన్నారు. ఫొటోలు ఎలా తీసుకోవాలి? ఫోనే ఉంది.

జవాబు 3

ఫొటోల గురించి నా అనుభవం చెప్తాను. నాకు దొరికినవి రెండు నిమిషాలు. చీకటి పడగానే లెన్స్ మీది ఫిల్టర్ తీయబోతే బిగుసుకుపోయింది, చేతులు వణుకుతున్నాయి, ట్రైపాడ్ మర వదులై కెమెరా కిందికి వాలింది, దాన్ని సరిచేసి తలెత్తేసరికి సగం సమయం అయిపోయింది. మిగిలిన సగంలో చూసిన ఆ నల్లటి వృత్తం, దాని చుట్టూ తెల్లటి పట్టుదారాల్లాంటి కరోనా ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి, పోయిన ఆ నిమిషం గురించి ఇప్పటికీ బాధే. ఫోన్‌ని ముందే ఒక స్టాండుకి పెట్టి, మీరందరూ, వెనక ఆకాశం పడేలా వీడియో ఆన్ చేసి వదిలేయండి. ఇక ముట్టుకోవద్దు.

కళ్లద్దాలు ఎప్పుడు తీయాలో బాబుతో ముందే రెండు మూడుసార్లు ప్రాక్టీస్ చేయించండి. వజ్రపుటుంగరంలా మెరిసే ఆఖరి చుక్క కూడా పూర్తిగా ఆరిపోయాక తీయాలి, రెండో వైపు మళ్లీ చుక్క మెరవబోతుందనగా పెట్టేసుకోవాలి. ఆ మధ్యలో ఒక్కసారి చుట్టూ తిరిగి చూడండి, నాలుగు దిక్కులా సంధ్యాకాంతి కనపడుతుంది. నేల మీద ఒక తెల్ల దుప్పటి పరవండి, సంపూర్ణానికి ఒకటి రెండు నిమిషాల ముందు దాని మీద సన్నటి నీడ చారలు పాకొచ్చు.

అంతవరకూ బాబుకి విసుగు రాకుండా చిల్లుల గరిటె ఎండకి అడ్డుపెట్టి నీడ చూపించండి, ప్రతి చిల్లూ ఒక చిన్న నెలవంక అవుతుంది. అట్టకి సూదితో బెజ్జం పెట్టినా అంతే, మీటరు దూరంలో సూర్యుడి బొమ్మ 9 మిల్లీమీటర్లు వస్తుంది. సూర్యుడి వైపు వీపు పెట్టి బొమ్మని మాత్రమే చూడాలి, బెజ్జంలోంచి సూర్యుడిని చూడకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇవాళ మధ్యాహ్నం అట్టతో చేశామండీ. మీటరు దూరంలో తెల్లకాగితం మీద గుండ్రటి చుక్క పడింది. బాబు స్కేలు పెట్టి కొలిచాడు, 9 మిల్లీమీటర్లే! గ్రహణం రోజు గంట గంటకీ దాని ఆకారం గీస్తానని ఒక నోటుబుక్కు పక్కన పెట్టుకున్నాడు, గంటకి కాదు నాన్నా, పది నిమిషాలకోసారి గీయాలి అని చెప్పాను.