పాస్టరుకు డాక్టరేట్ ఎందుకు?

గుండ్లకమ్మ
అందరికీ వందనాలు. మాది ఒంగోలు పక్కన చిన్న సంఘం. మా పాస్టరుగారికి ఇంకా నలభై నిండలేదు. దైవశాస్త్రంలో బి.డి., ఎం.టిహెచ్. చదివారు. ఇప్పుడు బెంగళూరులో డాక్టరేట్‌కు సీటు వచ్చిందట. నాలుగైదేళ్లు పడుతుందని, అన్నాళ్లూ సగం జీతం సంఘమే ఇవ్వాలని కమిటీకి ఉత్తరం రాశారు. మా కానుకల సంచిలో పడేవి పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఆడవాళ్ల పది రూపాయల నోట్లు. ఒక్కో నోటుకు ఇంకా పొగాకు వాసన వస్తూ ఉంటుంది. వాటితో డాక్టరేట్ చదివించాలా? యెర్రగుంట్ల పేరయ్య ఏ కాలేజీలో చదివాడు? తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా కాలినడకన తిరిగాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారంటే దాని వెనక అలాంటి వాళ్ల నడక ఉంది. ఆదివారం కమిటీ కూర్చుంటుంది. మీ మాట చెప్పండి.

వేపచెట్టు
మోషేకు ఏ విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చింది?

సన్ననిస్వరం
ఐగుప్తు ఇచ్చింది. అపొస్తలుల కార్యములు 7:22 తీసి చూడండి. 22వ అధ్యాయంలో పౌలు తాను గురువు గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నానని తానే చెప్పుకున్నాడు.

గుండ్లకమ్మగారూ, పేరయ్య కథను మీరు సగంలో ఆపేశారు. పేరయ్యకు బాప్తిస్మం దొరికింది కాలేజీ చదువు చదివి వచ్చిన మిషనరీల దగ్గర. సంఘాలు పెరుగుతుంటే వాక్యం నేర్పేవాళ్లు చాలరని ఆ 1870లలోనే రామపట్నంలో పాస్టర్లకు చదువు చెప్పే సెమినరీ పెట్టారు. అంటే చదువు అక్కర్లేదని ఆ తరమే అనుకోలేదు.

ఇక డాక్టరేట్ అంటే అన్నీ ఒకటి కాదు. డి.టిహెచ్., పిహెచ్.డి. పరిశోధన పట్టాలు. డి.మిన్. వేరు. అది పరిచర్యలో ఉన్నవాళ్ల కోసం. సంఘాన్ని వదలకుండా మధ్య మధ్య తరగతులకు వెళ్లి, తమ సంఘంలోని సమస్య మీదే పని చేసి రాయవచ్చు. మీ పాస్టరుగారు వెళ్లేది మొదటి రకానికి అనుకుంటాను. నేను చేసింది అదే, పాత నిబంధనలో. హెబ్రీ, గ్రీకు, పైగా పుస్తకాలు చదవడానికి సరిపడా జర్మన్.

దాని వల్ల ఏమి వచ్చిందని అడుగుతారు. 1 రాజులు 19లో ప్రవక్త ఏలీయాకు గాలి, భూకంపం, మెరుపు అయ్యాక మన తెలుగు బైబిలులో ‘మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము’ వినబడుతుంది. హెబ్రీలో ఉన్నవి మూడే మాటలు. కోల్, దెమామా, దక్కా. స్వరం, నిశ్శబ్దం, సన్ననిది. మాటలాడటం అన్నది అక్కడ లేదు! సన్నని నిశ్శబ్దపు సవ్వడి. చావబోయి గుహలో దాక్కున్న మనిషికి దేవుడు మొదట ఉపదేశం ఇవ్వలేదు, పక్కన మౌనంగా ఉన్నాడు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లినప్పుడు ఇది తెలిసిన పాస్టరు ఒకలా కూర్చుంటాడు, తెలియనివాడు ఇంకోలా కూర్చుంటాడు.

గుండ్లకమ్మ
సహోదరుడా, మా అమ్మ పోయిన రాత్రి మా పాత కాపరి వచ్చి తెల్లవారేదాకా చాప మీద నోరు మెదపకుండా కూర్చున్నాడు. ఆయనకు హెబ్రీ ఒక్క అక్షరం రాదు.

సన్ననిస్వరం
సహోదరుణ్ణి కాదండీ, సహోదరిని. అలాంటివాళ్లు ఉంటారని నేనూ ఒప్పుకుంటాను. అందరూ అలా ఉండరు కాబట్టే చదువు కావాలి.

సాల్మియా
కువైట్‌లో ఇంటి పని చేసి నెలనెలా మా ఊరి మందిరానికి పంపుతున్నాను. పాస్టరుగారు చదువుకుంటానంటే సంతోషంగా ఇస్తాను. కారు కొంటానంటే ఇవ్వను.

నోటరీ
అసలు ప్రశ్న ఎవరూ అడగటం లేదు. ఆ పట్టా ఇచ్చేది ఎవరు? 1956 యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు విశ్వవిద్యాలయాలకు, ఆ హక్కు పొందిన సంస్థలకు మాత్రమే ఉంది. మా జిల్లాలో ఫ్లెక్సీ మీద ‘రెవరెండ్ డాక్టర్’ అని లేని పాస్టరు కనబడడు. వీళ్లలో ఎందరు థీసిస్ రాశారు?

సన్ననిస్వరం
బెంగాల్‌లోని సెరాంపూర్ కాలేజీ ఇచ్చే పట్టాల గురించి అయితే విషయం స్పష్టం. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు 1818లో పెట్టిన కాలేజీ అది. అప్పట్లో ఆ ఊరు డెన్మార్క్ వాళ్లది కాబట్టి 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే హక్కుతో చార్టర్ ఇచ్చాడు. 1918లో బెంగాల్ చట్టం కూడా వచ్చింది. హైదరాబాదులోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో చదివినా పట్టా ఇచ్చేది సెరాంపూర్ సెనేటే. మీరు చెప్పే ఫ్లెక్సీ డాక్టర్లు ఈ లెక్కలోకి రారు. వాళ్లను చూసి మమ్మల్ని కూడా అదే గాటన కడుతున్నారు.

బేతేలు
గౌరవ డాక్టరేట్ అంటే అంత చులకనా? దోర్నకల్ బిషప్ అజరయ్యగారు బి.ఏ. కూడా పూర్తి చేయలేదు. 1912లో బిషప్ అయ్యారు, 1920లో కేంబ్రిడ్జి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అది కూడా ఫ్లెక్సీ డాక్టరేటేనా?

నోటరీ
కేంబ్రిడ్జి అజరయ్యగారి దగ్గర ఫీజు తీసుకోలేదు. మీది ఎక్కడి నుంచి, ఎంతకు?

బేతేలు
అది మీకు అనవసరం.

నోటరీ
అవసరమే. ఫ్లెక్సీ నలుగురూ చదవడానికి కట్టేది. సంస్థ పేరు చెప్పండి, నేనే వెతుక్కుంటాను.

సన్ననిస్వరం
నేనూ అడుగుతున్నాను. ఏడేళ్లు నా పిల్లలను అత్తగారి దగ్గర వదిలి హాస్టల్లో ఉన్నాను. ఒక్క అధ్యాయం నాలుగుసార్లు తిరగరాయించారు. మీరు ఒక పూటలో గౌను వేసుకుని ఫొటో దిగి వచ్చారు. సభలో ఇద్దరినీ ‘డాక్టర్’ అనే పిలుస్తారు. సిగ్గు అనిపించదా?

వేపచెట్టు
ప్రేమ కలిగి మాట్లాడుకుందాం.

బేతేలు
సరే, చెబుతాను. ఇరవై ఐదు వేలు కట్టాను. ఫంక్షన్ హాలులో ఇచ్చారు. గౌను అద్దెది, చంక కింద చిరిగితే పిన్నీసు పెట్టి ఉంది, అది నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఫొటో అయ్యాక విప్పి ఇచ్చేశాను. అదేమి పట్టానో నాకు తెలియదనుకోకండి.

మా పేటకు శ్మశానం లేదు. అర్జీ పట్టుకుని మండల ఆఫీసుకు ఏడుసార్లు వెళ్లాను. గుమాస్తా నన్ను ‘ఏమయ్యా పాస్టరూ’ అనేవాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉండేది. నా వయసు యాభై మూడు. కూర్చోమని ఎవరూ అనలేదు, అనకుండా కూర్చునే ధైర్యం మా నాన్న నాకు నేర్పలేదు. ఎనిమిదోసారి కొత్త కార్డు ఇచ్చాను. అదే గుమాస్తా చదివి, ‘డాక్టరుగారూ, కూర్చోండి’ అన్నాడు. పేరు ముందు ఆ మూడక్షరాలు లేకపోతే మా వెనక ఏముందో వాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. ఇప్పుడు చెప్పండి, సిగ్గు ఎవరికి ఉండాలి?

సాల్మియా
శ్మశానం వచ్చిందా అయ్యగారూ?

బేతేలు
ముప్పై సెంట్లు. సర్వే అయింది, హద్దురాళ్లు ఇంకా వేయలేదు.

నోటరీ
బాధ అర్థమైంది. అయినా చట్టం చట్టమే.

సన్ననిస్వరం
బేతేలుగారూ, సిగ్గు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇరవై ఐదు వేలు తీసుకున్నవాణ్ణి మాత్రం వదలను. మీ అవమానాన్ని సరుకు చేసి మీకే అమ్మాడు. 1981లో బెంగళూరులో దైవశాస్త్ర పండితుడు అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత థియాలజీ, అంటే దళితుల అనుభవం నుంచి చేసే దైవశాస్త్రం, మొదలైంది. ఆ కుర్చీ గురించి సెమినరీలలో వందల పేజీలు రాశారు. ఆ పేజీలు మీ దగ్గరికి రాలేదు, అద్దె గౌను వచ్చింది. అది మా తప్పు కూడా.

నా సంగతీ చెబుతాను. నా పట్టా నిజమైనది. మా సంఘంలో నేను ప్రసంగించేది ఏడాదికి ఒక్కసారి, స్త్రీల ఆదివారం నాడు. మిగతా యాభై ఒక్క వారాలు వెనక బల్ల మీద కూర్చుని, ఏలీయా గురించి ఎవరో ఏదో చెబుతుంటే వింటాను. నాకూ కుర్చీ లేదు.

గుండ్లకమ్మ
ఇంత జరుగుతుందని అనుకోలేదు. నేనూ దాచినది ఒకటి ఉంది. డబ్బు సంగతి నేను పైకి చెప్పింది. 1998లో మేము ఒకాయనను ఇలాగే పంపాం. మా పేట బిడ్డే. మా పెద్దమ్మాయి పెళ్లికి దాచినదాంట్లో నుంచి కూడా ఇచ్చాను. చదివాడు, పెద్ద చోట ఉద్యోగం వచ్చింది, తర్వాత విదేశం. మంచివాడే, క్రిస్మస్‌కు ఫోను చేస్తాడు. కానీ తిరిగి రాలేదు. ఇప్పుడున్న ఆయన మా ఇళ్లలో రాగి సంకటి తింటాడు, చాప మీద కూర్చుంటాడు. చదువు మీద నాకు కోపం లేదు. చదివినవాడు మా దగ్గర ఉండడు, అదీ నా భయం.

బేతేలు
ఎందుకు ఉంటాడు? మీ చాప మీద కూర్చున్నవాణ్ణి మండల ఆఫీసులో నిలబెడుతున్నారు కదా.

సన్ననిస్వరం
నేను మొదట్లోనే డి.మిన్. గురించి చెప్పాను. మీ దగ్గర ఉంటూనే చదవవచ్చు. ఎవరూ పట్టించుకోలేదు.

గుండ్లకమ్మ
అడుగుతాను. ఇంకొక మాట అమ్మా. ఆయన రాసే ఆ పెద్ద పుస్తకం తెలుగులో ఉంటుందా?

సన్ననిస్వరం
ఇంగ్లీషులో. అందరం ఇంగ్లీషులోనే రాస్తాం.

గుండ్లకమ్మ
అయితే డబ్బిచ్చిన ఆడవాళ్లకు అది చదివి చెప్పేది ఎవరు? కమిటీలో ఇదే పెడతాను. సగం జీతం ఇస్తాం, ఏడాదికి రెండుసార్లు వచ్చి ఏమి చదివాడో రాత్రి కూడికలో మాకు తెలుగులో చెప్పాలి.

సాల్మియా
ఫోనులో పెట్టండి, నేనూ వింటాను.

నోటరీ
బేతేలుగారు ఇంకా సంస్థ పేరు చెప్పలేదు.