పోకెమాన్ సెంటర్లో నర్సు ఉచితంగా నయం చేయడం వల్ల ఆట చప్పబడిందా?

పాలెట్_నుంచి:
వారం నుంచి పోకెమాన్ రెడ్ వీడియో గేమ్ మళ్లీ మొదటినుంచి ఆడుతున్నాను, 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి జతలోది. పోకెమాన్ అనే జీవుల్ని పట్టి, వాటితో ఫైట్లు చేయించే ఆట. ఊరూరా వాటిని నయం చేసే ఒక సెంటర్, అందులో ఒక నర్సు. ఎన్నిసార్లు వెళ్లినా పైసా అడగదు. అలాంటప్పుడు ఆట డబ్బులో 300 పెట్టి గాయాలు మాన్పే పోషన్, 1500 పెట్టి పడిపోయినదాన్ని లేపే రివైవ్ ఎవరు కొంటారు? అడవి పోకెమాన్ ఎదురయ్యే గడ్డిలో నాలుగు ఫైట్లు, వెనక్కి పరుగు, నర్సు, మళ్లీ గడ్డి. నాకైతే ఇది ఆటలోని టెన్షన్ అంతా తీసేసింది. నర్సు దగ్గర ఎంతో కొంత ఫీజు పెట్టాల్సింది. మీరేమంటారు?

గుహదారి:
నేను ఒప్పుకోను అన్నా. ఈ ఆటలో కష్టం అంతా నర్సుకీ మనకీ మధ్య ఉన్న దూరంలోనే ఉంది.

ఆట మొదట్లో వచ్చే విరిడియన్ ఫారెస్ట్ అడవిని గుర్తు తెచ్చుకోండి. మొన్న అడవి చివర్లో వీడిల్ అనే విషపు పురుగు కుట్టి నా పోకెమాన్ చార్మాండర్‌కి విషం ఎక్కింది. రెడ్‌లో ఫైట్ అయిపోయినా విషం ఆగదు కదా, బయట నడుస్తున్నా నాలుగు అడుగులకు ఒక హెచ్‌పీ (ప్రాణశక్తి పాయింటు) పోతుంది. నా దగ్గర మిగిలింది 14. బ్యాగులో విషం విరిచే యాంటీడోట్ లేదు. అంటే 56 అడుగుల్లో పక్క ఊరు ప్యూటర్లోని సెంటర్ చేరాలి. గడ్డి తగలకుండా, ఒక్క అడుగు కూడా వృథా చేయకుండా లెక్కపెట్టుకుంటూ నడిచాను. స్క్రీన్ మినుకుమన్న ప్రతిసారీ గుండె జారిపోయింది. సెంటర్ తలుపు దాటేసరికి 3 మిగిలాయి. నర్సు పోకెమాన్ ఉన్న బాల్స్ ఒక్కొక్కటే మెషిన్ మీద పెట్టి, ఆ చిన్న ట్యూన్ మోగాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. అక్కడ ఆమె డబ్బు అడిగి ఉంటే నాకు చిరాకొచ్చేది తప్ప టెన్షన్ ఒక్క పిసరు కూడా పెరిగేది కాదు.

ఇంకో మాట. టీమ్ మొత్తం పడిపోతే ఎలాగూ సగం డబ్బు పోతుంది. ఆ పైన ఫీజు కూడా పెడితే, ఓడినవాడు ఇంకా లేవలేడు. గెలిచేవాడికి మాత్రం ఆ ఫీజు లెక్కే కాదు.

ఒకే_ప్రాణం:
నేను ఆటగాళ్లు తమకు తామే పెట్టుకునే నజ్‌లాక్ రూల్స్‌తో ఆడతాను. పడిపోయిన పోకెమాన్ చనిపోయినట్టే, మళ్లీ వాడకూడదు. ఒక్కో ఏరియాలో మొదట ఎదురైనదాన్నే పట్టుకోవాలి. నర్సు దగ్గరకు ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు, అయినా బలమైన లీడర్‌తో తలపడే ఒక్కో జిమ్ ముందు చేతులు వణుకుతాయి. కాబట్టి గాయాలు ఉచితంగా మాన్పితే నష్టం లేదు. పడిపోయినదాన్ని కూడా ఉచితంగా లేపి ఇవ్వడం దగ్గరే ఆట మెత్తబడింది. ఫీజు పెట్టాలంటే దానికి మాత్రమే పెట్టండి.

వార్డు_డ్యూటీ:
నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. ఫీజు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ముందు కౌంటర్లో కట్టి రండి అన్న మాట విని పిల్లల్ని ఎత్తుకుని నిలబడిపోయినవాళ్లను నేను కళ్లారా చూశాను. కనీసం ఆ ఊహాలోకంలోనైనా ముందు వైద్యం జరగనివ్వండి.

ఒక రాత్రి సెలైన్ ఎక్కుతున్న ఎనిమిదేళ్ల బాబు, చెయ్యి కదపకుండా పడుకునే, "సిస్టర్, ఆ బాల్స్ పెట్టే మెషిన్ మీ దగ్గర లేదా?" అని అడిగాడు. లేదు నాన్నా అన్నాను. తెల్లారేదాకా ఆ మాట మనసులోంచి పోలేదు.

నా వృత్తిని ఆ ఆట సరిగ్గా పట్టుకున్న చోటు ఒకటుంది. గోల్డ్, సిల్వర్ ఆటల (1999) నుంచి పోకెరస్ అనే వైరస్ వచ్చింది. చాలా అరుదు, హాని చేయదు, పైగా పోకెమాన్ త్వరగా బలపడుతుంది. ఏవో చిన్న జీవులు అంటుకున్నట్టున్నాయని మొదట గమనించి మనకు చెప్పేది నర్సే. మా పనిలో సగం అదే, పేషెంట్‌లో వచ్చిన మార్పు కనిపెట్టి చెప్పడం.

పాలెట్_నుంచి:
అక్కా, ఫీజు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక్కటి మాత్రం వదలను. ఆట చివరి మజిలీ ఇండిగో ప్లేటూలో నర్సు గుమ్మం దగ్గరే ఉండిపోతుంది. లోపలికి వెళ్లాక లోరెలై, బ్రూనో, అగాథా, లాన్స్, ఆఖరున ఛాంపియన్, వరసగా ఐదు ఫైట్లు. ఉన్నదల్లా బ్యాగులో సరుకే. ఆట మొత్తంలో నాకు బాగా నచ్చింది అక్కడే, ఆమె లేని చోటే.

గుహదారి:
నేనంటున్నదీ అదే కదా! ఆమె ఒకచోట నిలబడి ఉంటుంది, మనం బతికి అక్కడికి చేరాలి. కోపం రావాల్సింది తర్వాతి ఆటల మీద. బ్లాక్, వైట్ (2010) నుంచి నడకలో విషం హెచ్‌పీ తీయడం ఆపేశారు. సన్, మూన్ (2016)లో హావ్ అనే స్నేహితుడు, స్వోర్డ్, షీల్డ్ (2019)లో హాప్ అనే స్నేహితుడు దారిలో ఎదురొచ్చి మరీ మన టీమ్‌ని నయం చేసి పోతారు. అడగకుండానే! ఇక నర్సు దగ్గరకు పరుగెత్తాల్సిన అవసరం ఏముంది?

ఒకే_ప్రాణం:
హాప్ విషయంలో నూటికి నూరు శాతం నిజం. ఫైట్ ముందు ఎంత మిగిల్చుకున్నామన్న లెక్కకు విలువే లేకుండా పోయింది.

పాలెట్_నుంచి:
సరే, రాత్రికి మౌంట్ మూన్ గుహలోకి దిగుతున్నాను. ముందున్న సెంటర్ దాటితే మళ్లీ అవతలి ఊరు సెరూలియన్‌లోనే నర్సు. 900 పెట్టి మూడు పోషన్లు కొన్నాను.