మిస్ అమెరికా కిరీటం తర్వాత ఏంటి? నీనా దావులూరి దారిలో పోతానంటున్న అమ్మాయికి ఏం చెప్పాలి?

కొలంబస్ బాబాయ్:
అందరికీ నమస్కారం. మా అన్నయ్య కూతురు ఇక్కడ ఒహాయోలో కాలేజీ రెండో ఏడాది. పోయినేడు మిస్ అమెరికా పోటీల్లో మా ఊరి స్థాయి టైటిల్ ఒకటి గెలిచింది. అప్పుడు ఇంటిల్లిపాదీ కేకు కోసి ఫొటోలు దిగాం. ఇప్పుడేమో మెడిసిన్ వద్దు, టీవీలో పనిచేస్తాను, రంగు వివక్ష మీద జనంలో మాట్లాడతాను అంటోంది. మా వదిన సరిగ్గా అన్నం తినడం లేదు. అన్నయ్యేమో "నువ్వన్నా చెప్పరా, నీ మాట వింటుంది" అని నా మీద పెట్టాడు. ఎందుకమ్మా అని అడిగితే "నీనా దావులూరి" అని ఒక్క పేరు చెప్పి ఊరుకుంటోంది. ఆవిడ గెలిచిందని, ట్విట్టర్‌లో తిట్టారని తప్ప నాకేం తెలీదు. తర్వాత ఏం చేసింది? ఈ దారిలో వెళ్ళిన మన పిల్లలు ఇంకెవరైనా ఉన్నారా? డబ్బు సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

సిరక్యూస్ వదిన:
అప్పట్లో మేం న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లోనే ఉన్నాం, కాబట్టి ఆవిడ గెలుపు మాకు సొంతింటి పెళ్ళే. నీనా అక్కడే పుట్టింది, 1989లో. అమ్మానాన్నలది విజయవాడ, నాన్న డాక్టరు. కొన్నాళ్ళు ఒక్లహోమాలో, ఆపైన మిషిగన్‌లో పెరిగింది. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో మెదడు, ప్రవర్తనలకు సంబంధించిన సైన్సు చదివింది. మెడిసిన్ మాట ఆ ఇంట్లోనూ ఉండేది. మీ అన్నయ్యగారికి ఈ ముక్క ముందుగా చెప్పండి.

2013 సెప్టెంబర్ 15 రాత్రి అట్లాంటిక్ సిటీలో మిస్ న్యూయార్క్‌గా పోటీపడి మిస్ అమెరికా 2014 అయింది. భారత సంతతి అమ్మాయి ఆ కిరీటం పెట్టుకోవడం అదే మొదలు. యాభై వేల డాలర్ల స్కాలర్‌షిప్. టాలెంట్ రౌండ్‌లో మన శాస్త్రీయ నృత్యాన్ని బాలీవుడ్‌తో కలిపి ఆడింది. మా హాల్లో కూర్చున్న ఆడవాళ్ళమంతా పిల్లల్ని నిద్రపుచ్చడం కూడా మర్చిపోయి చూశాం.

ప్రశ్నల రౌండ్‌లో కళ్ళు పెద్దవిగా కనపడాలని సర్జరీ చేయించుకున్న ఒక టీవీ యాంకర్ గురించి అడిగారు. మిస్ అమెరికా అంటే పక్కింటి అమ్మాయి, అమెరికా మారుతున్న కొద్దీ ఆ పక్కింటి అమ్మాయీ మారుతోంది అనే అర్థంలో జవాబు చెప్పింది. ఇంకా కిరీటం సర్దుకోకముందే ట్విట్టర్ నిండా అరబ్బు అని, టెర్రరిస్టు అని, మనవాళ్ళు నడిపే చిల్లర కొట్ల పేరుతో "మిస్ సెవెన్ ఎలెవెన్" అని మొదలెట్టారు. నేను అన్నిటికంటే ముందు అమెరికన్‌ని, వీటిని దాటి పైకి వెళ్ళాలి అన్నట్టు చెప్పి ఊరుకుంది. ఆ వయసులో నాకైతే చేతకాదు.

బెజవాడ బుల్లెమ్మ:
అమెరికా వాళ్ళ తిట్లు సరే. ఇక్కడ మా వీధిలో ఏమన్నారో నేను చెప్తా. "పిల్ల బానే ఉంది గానీ, రంగు తక్కువ. ఇక్కడైతే మిస్ ఇండియాలో మొదటి రౌండు కూడా దాటదు." ఈ మాట అన్నది ఎవరో కాదు, మా పెద్దత్తయ్య. ఆ నెలంతా టీవీలో "మన విజయవాడ అమ్మాయి" అని చూపిస్తుంటే కళ్ళార్పకుండా చూసింది కూడా ఆవిడే! ఆ రోజుల్లో మన దేశంలో పత్రికల వాళ్ళూ ఇదే మాట మర్యాదగా రాశారు.

నేను చామనచాయ. నా పెళ్ళిచూపులకు ముందు శనగపిండి, పసుపు, మీగడ, ఏం పూశారో ఏం పూయలేదో లెక్కలేదు. కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు. పుట్టిన బిడ్డను చూడటానికి వచ్చినవాళ్ళు చెవి తమ్మె రంగు చూసి "పెద్దయ్యాక ఇంతే అవుద్ది" అని తేల్చేశారు. బాబాయ్ గారూ, మీ అమ్మాయి ఎంచుకున్న పని మీకు అమెరికా సమస్యలా కనిపిస్తోందేమో. అది మన వంటింట్లోంచే బయల్దేరింది.

నిజం నిష్ఠూరం:
అందరూ పూలదండలు వేస్తున్నారు కాబట్టి నేనొక రాయి వేస్తా. అందాల పోటీ గెలిచి అందం కొలతల మీద పోరాటమా? 2013లో ఆవిడ గెలిచిన పోటీలో స్విమ్‌సూట్ రౌండ్ ఉంది, దానికి మార్కులూ ఉన్నాయి. ఇక ఆవిడ తర్వాత పోరాడిన ఫెయిర్‌నెస్ క్రీముల సంగతి. 1975 నుంచి ఇక్కడ అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది, కొట్లో అదే అరలో అదే గులాబీ రంగు ట్యూబ్. దీన్ని గెలుపంటారా?

డాలస్ లాయరమ్మ:
నిష్ఠూరం గారూ, మీ రాయిలో సగం న్యాయం ఉంది. మిగతా సగానికి నా జవాబు.

మిస్ అమెరికాలో 1989 నుంచి ప్రతి పోటీదారు ఒక సామాజిక విషయం ఎంచుకుని దాని మీద పనిచేయాలి. ప్లాట్‌ఫామ్ అనేవారు. నీనా తీసుకున్నది సాంస్కృతిక వైవిధ్యం గురించి. అంటే తిట్లు పడ్డాక పుట్టిన ఉద్యమం కాదు, తిట్లు పడకముందే ఆవిడ చేతిలో ఉన్న కాగితం. గెలిచిన ఏడాదంతా నెలకు దాదాపు 20 వేల మైళ్ళు తిరిగే ఉద్యోగం అది. బడులు, కాలేజీలు, సభలు. ఒక తమాషా ఏంటంటే, 2014లో పెన్సిల్వేనియాలో ఒక హైస్కూల్ సభకు వెళ్తే ఒక కుర్రాడు లేచి ప్లాస్టిక్ పువ్వు పట్టుకుని "నాతో ప్రామ్‌కి వస్తావా" అని అడిగాడు, ప్రామ్ అంటే బడి ఆఖర్లో జంటలుగా వెళ్ళే డాన్స్ పార్టీ. బడి వాళ్ళు అతన్ని సస్పెండ్ చేస్తే, శిక్ష గురించి మళ్ళీ ఆలోచించండి అని ఆవిడే అడిగింది.

కిరీటం దిగాక ఆ విషయాన్ని వదల్లేదు, ఇంకా ఇరుకు చేసుకుంది. వైవిధ్యం అనే పెద్ద మాట నుంచి ఒంటి రంగు అనే చిన్న మాటకు వచ్చింది. 2020 జూన్‌లో ఫెయిర్ అండ్ లవ్లీ తయారుచేసే యూనిలీవర్‌కి బహిరంగ లేఖ రాసి సంతకాలు సేకరించింది. ఆ నెలలోనే క్రీము పేరు మారుస్తామని కంపెనీ చెప్పింది. జాన్సన్ అండ్ జాన్సన్ రెండు క్రీములు మానేసింది. మా డాలస్‌లోనే ఉండే ఒకావిడ పిటిషన్ పెడితే ఒక పెద్ద పెళ్ళి సంబంధాల సైటు ఒంటిరంగును బట్టి వెతికే వీలు తీసేసింది. ఇదంతా నీనా ఒక్కదాని వల్ల అనను. అమెరికాలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు హత్య చేశాక కంపెనీలన్నీ భయంలో ఉన్నాయి, చెన్నైలో 2009లోనే నలుపూ అందమే అంటూ డార్క్ ఈజ్ బ్యూటిఫుల్ ప్రచారం మొదలైంది. కానీ తలుపు తెరుచుకున్నప్పుడు చేతిలో లేఖ సిద్ధంగా ఉన్నది ఎవరి దగ్గరో చూడండి.

స్విమ్‌సూట్ గురించి: దాన్ని 2018లో తీసేశారు. తీసేసినప్పుడు ఆ సంస్థ బోర్డు అధ్యక్షురాలు ఎవరో తెలుసా? గ్రెచెన్ కార్ల్‌సన్, 1989 మిస్ అమెరికా. బాబాయ్ గారూ, మీ అమ్మాయికి నీనాతో పాటు ఈవిడ కథ కూడా చెప్పండి. కిరీటం తర్వాత నేరుగా పెద్ద ఛానల్‌లో కూర్చోలేదు. వర్జీనియాలో రిచ్‌మండ్ లాంటి చోట లోకల్ టీవీతో మొదలై, ఊరూరూ మారి, తర్వాతే సీబీఎస్, ఫాక్స్ న్యూస్. 2016లో తన బాస్ రోజర్ ఐల్స్ మీద లైంగిక వేధింపుల కేసు వేసింది. ఆయన కుర్చీ పోయింది, ఈవిడకు 2 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది. అక్కడితో ఆగి ఇంట్లో కూర్చోవచ్చు. ఆగలేదు. వేధింపుల కేసుల్ని కోర్టుకు పోకుండా గదిలో మూసేసే ఒప్పందాల మీద ఏళ్ళ తరబడి తిరిగింది. 2022 మార్చిలో దాని మీద చట్టం వచ్చింది. లాయర్‌ని కాబట్టి ఆ చట్టం విలువ నాకు రోజూ తెలుస్తుంది.

కూకట్‌పల్లి అన్న:
నేను హైదరాబాద్‌ల టీవీ మేకప్ రూముల చాన్నాళ్ళు పనిచేసిన. గా రంగు ముచ్చట నేను జెప్త. యాంకర్ చామనచాయ పిల్లయితే ఫౌండేషన్ రెండు షేడ్లు తెల్లగ కొట్టుమంటరు. మెడ ఒక తీరు, మొకం ఒక తీరు అయితది, లైట్లల్ల బూడిద లెక్క కొడ్తది. పిల్ల అడగనీకి భయపడ్తది. వార్త చదివేటోళ్ళకు గొంతు, తెలుగు ఉచ్చారణ చూడాలె గని, చూసేది మాత్రం గిదే.

మొన్న 2025 మే నెలల హైటెక్స్‌ల మిస్ వరల్డ్ అయింది గదా. గెలిచిన థాయ్‌లాండ్ పిల్ల ఓపల్ సుచాత రొమ్ము క్యాన్సర్ మీద పనిచేస్తది. పదహారేండ్లప్పుడు ఆమెకే రొమ్ముల గడ్డ అయితే ఆపరేషన్ చేసి తీసిన్రట, అందుకే ఆ పని పట్టుకున్నది. ఎవలో రాసిచ్చిన స్పీచ్ అయితే మనకు ఎర్కయితది, ఇది అట్ల అనిపియ్యలే. మన హైదరాబాద్ పిల్ల మానస వారణాసి కూడ ఉన్నది, 2020 మిస్ ఇండియా. ఫైనాన్స్ ఉద్యోగం చేసుకుంట పోటీకి పోయింది, పిల్లల రక్షణ చట్టాల మీద మాట్లాడింది, ఎన్కసిరి సినిమాలకు వచ్చింది. ఉద్యోగం చేతిల ఉంటే పిల్లకు ధైర్యం ఉంటది బాబాయ్. గది మర్వకున్రి.

రాత్రి షిఫ్టు రమ్య:
ఇది నేను నడుస్తున్న దారే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. ఇక్కడ ఒక తెలుగు సంఘం వాళ్ళ పోటీలో గెలిచాను, తర్వాత ఒక రాష్ట్ర స్థాయి పోటీలో ఫైనల్ దాకా వెళ్ళాను. ఇప్పుడు ఒక చిన్న ఊరి టీవీ స్టేషన్‌లో ప్రొడ్యూసర్‌ని. పొద్దున వార్తల కోసం అర్ధరాత్రి డ్యూటీకి వెళ్తాను.

డబ్బు గురించి అడిగారు కాబట్టి: గౌన్లు, మేకప్, ఇంటర్వ్యూ కోచింగ్, ప్రయాణాలు, హోటళ్ళు, అన్నీ ఇంటి డబ్బే. గెలుపులో వచ్చేది ఎక్కువగా స్కాలర్‌షిప్, అది కాలేజీ ఫీజుకే పోతుంది, చేతికి రాదు. కాబట్టి కాలేజీలో ఉండగా గెలిస్తే ఉపయోగం, కాలేజీ మానేసి గెలిస్తే సగం వృథా. చిన్న స్టేషన్‌లో మొదటి జీతంతో మా డాక్టర్ మామయ్యల ముందు తలెత్తుకోలేం. ఈ మాట మీ వదినగారికి ఇప్పుడే తెలియడం మంచిది.

ఉద్యోగం ఇచ్చేటప్పుడు కిరీటం గురించి ఒక్క ప్రశ్న అడిగారు, నవ్వుతూనే. మిగతా సమయమంతా నేను తీసిన వీడియో కథనాలు చూశారు. మా ఊళ్ళో మోటెల్ నడిపే మనవాళ్ళ పిల్లల మీద తీసిన చిన్న కథనం నచ్చి పని ఇచ్చారు. పోటీల వల్ల నాకు మిగిలిన అసలు లాభం ఏంటంటే, ముందు చెప్పని ప్రశ్నకు కొద్ది సెకన్లలో తడుముకోకుండా జవాబు చెప్పడం. లైవ్‌లో అది చాలా పనికొస్తుంది.

ఉద్యమం, ఉద్యోగం ఒకేచోట కుదరవు, అదొకటి ముందే తెలుసుకోవాలి. వార్తల గదిలో ఉన్నవాళ్ళు పిటిషన్ల మీద సంతకం పెడితే ఎడిటర్ ఒప్పుకోడు. నీనా చేసింది వార్తలు కాదు. జీ టీవీ అమెరికాలో మేడ్ ఇన్ అమెరికా అని రియాలిటీ షోకి హోస్ట్‌గా చేసింది, తర్వాత రంగు మీద తనే కాంప్లెక్షన్ అనే డాక్యుమెంటరీ తీసింది. అంటే ఆవిడ తన పేరు మీద తను మాట్లాడే మీడియా ఎంచుకుంది. మీ అమ్మాయి "టీవీ" అంటే వీటిలో ఏది? ముందు అది అడగండి.

నిజం నిష్ఠూరం:
రమ్య గారి పోస్టుకి నా దగ్గర రాయి లేదు. లాయరమ్మ గారికి మాత్రం ఒకటి: ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనల మీద జైలు, పది లక్షల జరిమానా అని 2020 ఫిబ్రవరిలో కేంద్రం ముసాయిదా పెట్టింది. అప్పట్లో పేపర్లు మొదటి పేజీలో వేశాయి. మన ఇళ్ళలో ఎవరైనా క్రీమ్ మానేశారా?

బెజవాడ బుల్లెమ్మ:
మా ఇంట్లో మానేశాం అండి. మా అమ్మాయి డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులోంచి ట్యూబ్ తీసి చెత్తబుట్టలో వేసింది. పెద్దత్తయ్య ఇంకో ట్యూబ్ కొనుక్కుంది, అది వేరే సంగతి.

కొలంబస్ బాబాయ్:
అందరికీ చాలా థాంక్స్. రమ్య గారి ప్రశ్న రాత్రే అడిగాను. వార్తలు చదవడం కాదట, పెళ్ళి సంబంధాల్లో రంగు అడిగే ఇళ్ళకు వెళ్ళి వాళ్ళతోనే మాట్లాడించి తీస్తుందట. మొదటి ఇంటర్వ్యూ వాళ్ళ నాన్నదే అంటోంది. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. డిగ్రీ మానొద్దు, మెడిసిన్ సంగతి ఆఖరి ఏడాది చూద్దాం అని బేరం పెట్టాను, సగం ఒప్పుకుంది. రమ్యమ్మా, మీ స్టేషన్‌లో ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌లు ఎప్పుడు తీసుకుంటారు?

రాత్రి షిఫ్టు రమ్య:
మా దగ్గర చలికాలంలోనే అప్లై చేయాలి బాబాయ్ గారూ, వసంతం దాకా ఆగితే సీట్లు అయిపోతాయి. కిరీటం ఫొటో కాకుండా తను తీసిన వీడియో ఒకటి పంపమనండి, ఫోన్‌తో తీసినా సరే. వాళ్ళ నాన్న ఇంటర్వ్యూ తీసేస్తే అదే పంపొచ్చు.