బయోఫిల్మ్‌కి ‘పాచి’ చాలదా?

బయోఫిల్మ్‌ని ‘జీవపొర’ అని రాస్తున్నారు, నాకైతే మింగుడు పడట్లేదు. మా ప్రొద్దుటూరు వైపు పండ్లు తోముకోకముందు నోట్లో ఉండేది పాచి, బావి మెట్ల మీద కాలు జారేదీ పాచి మీదే. రెండూ తడి చోట పంటినో రాయినో కరుచుకుని, తాము వదిలిన జిగురులోనే కాపురముండే సూక్ష్మజీవులే కదా, బయోఫిల్మ్ అంటే అదే. ఉన్న మాట వదిలేసి కొత్తది ఎందుకు?

— పాచిపోయిన అన్నం అని కూడా అంటాం కదన్నా, నిల్వ ఉండి చెడిపోయిందనే అర్థం రాదా? పైగా మా అనంతపురంలో పంటి మీద ఏమున్నా గారే అంటారు.

— పాచిపోయిన అన్నం తీగలు సాగేదీ సూక్ష్మజీవుల వల్లే అక్కా, అర్థం దూరమేం పోలేదు. గార మాత్రం వేరు. తీయకుండా వదిలేసిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి గట్టిపడితే గార, అది బ్రష్‌కు రాదు, డాక్టర్ గీకాల్సిందే. ఫ్లోరైడ్ నీళ్ల మరకల్నీ గార పండ్లంటారు గానీ అవి పన్ను తయారయ్యేటప్పుడే ఎనామెల్‌లో పడినవి, గీకినా పోవు.

జీవపొరతో నా అసలు గొడవ ఏందంటే, పొర అంటే ఊరికే పరుచుకున్నట్టుంది, ఇక్కడేమో పట్టుకోవడమే కథంతా. పంటికి ముందు అంటుకునేవి స్ట్రెప్టోకాకస్ రకం బ్యాక్టీరియాలు. చిగుళ్లను తినేసే జబ్బులో పెద్ద చెయ్యున్న పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే ఇంకో బ్యాక్టీరియా తర్వాత వచ్చి వాటిని పట్టుకుంటుంది. ఫిమ్ఏ, ఎంఎఫ్ఏ1 అనే జన్యువుల వల్ల దాని ఒంటి మీద సన్నటి నూగు ఉంటుంది, అందులో ఎంఎఫ్ఏ1 నూగు స్ట్రెప్టోకాకస్ గోర్డోనై పైనున్న ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. లక్స్‌ఎస్ జన్యువైతే ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనం తయారీకి. ఈ రెండు బ్యాక్టీరియాల్లోనూ దాన్ని చెడగొడితే కలిసి పాచి కట్టలేవు, ఒకదాంట్లో బాగుంటే చాలు, కట్టేస్తాయి!

— సరే, ఆస్పత్రిలో మూత్రం గొట్టానికి పట్టే బయోఫిల్మ్‌నీ పాచే అంటావా?

— అంటా. గొట్టానికి పాచి పట్టింది, మార్చాలి అంటే రోగి ఇంటివాళ్లకు ఒక్క మాటతో అర్థమైపోతుంది.