అప్‌డేట్: పాత పెట్రోల్‌తో ఆగిన పంపు ఇంజన్ స్టార్టయింది

నల్లగొండ దగ్గర బత్తాయి తోటకు మందు కొట్టే పంపు ఇంజన్ (ఫోర్ స్ట్రోక్ పెట్రోల్) గురించి అడిగిన. పోయిన సీజన్ పెట్రోల్ ట్యాంకులోనే ఉంది, ప్లగ్గులో స్పార్క్ ఉంది, చోక్ (గాలి తగ్గించే మీట) వేస్తే రెండు క్షణాలు ఆడి ఆగుతోంది. ఇప్పుడు మంచిగ నడుస్తోంది, జవాబులిచ్చిన అందరికీ దండాలు.

కొత్త పెట్రోల్ ఒక్కటే పోస్తే లాభం లేదు. అసలు అడ్డం కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) జెట్లలో, అంటే పెట్రోల్ పోయే సన్న రంధ్రమున్న చిన్న ముక్కల్లో ఉంది. పెట్రోల్ ఆవిరైపోయి బంకలాంటి పొర మిగులుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను కూడా లాగుతుంది. కాక్ (ట్యాంకు నుంచి పెట్రోల్ వచ్చే కుళాయి) బంద్ చేసి, కార్బొరేటర్ కింది గిన్నె విప్పి, మెయిన్ జెట్, దాని మీది సన్న రంధ్రాల గొట్టం, ఐడిల్ (లోడు లేకుండా నెమ్మదిగా ఆడటం) స్క్రూ కింది పైలట్ జెట్ మూడూ తీయాలి. పైలట్ జెట్‌ను వదిలేస్తే స్టార్టయినా ఐడిల్‌లో నిలవదు. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో రంధ్రం తెరవండి. ఉక్కు సూది పెడితే రంధ్రం పెద్దదై పెట్రోల్ ఎక్కువ తాగుతది. వెలుగుకు పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనబడాలి.

ట్యాంకు జాలి కడిగి, ప్లగ్గు గ్యాప్ 0.7 మి.మీ. పెట్టిన. ఇకమీద సీజన్ అయిపోంగనే కాక్ బంద్ చేసి, దానంతటది ఆగేదాకా నడిపించి, గిన్నె బోల్టు విప్పి మిగిలింది వంపేస్త.